సగం నీళ్ళు

సగమే తియ్యమన్నాడు మగడు, సగం అలాగే ఉండనిమ్మన్నాడు. సెల్లాయి మాత్రం గాజుతొట్టిలో ఉన్న నీళ్ళన్నీ తోడేసి, తొట్టిని పక్కకు వంచి, బూడిదా కొబ్బరిపీచూ పెట్టి అడుగంటా తోమి, మూడుసార్లు కడిగి, అంచుదాకా కొత్త నీళ్ళు నింపేసింది. చెంబులో పెట్టిన మూడు చేపల్నీ టీ వడకట్టే జాలితో ఒక్కొక్కటే ఎత్తి అందులో వదిలింది. ఇప్పుడు చెంగుకు చేతులు తుడుచుకుంటూ, రెండడుగులు వెనక్కి వేసి తన పనితనం తానే చూసుకుంటోంది. అద్దం ఉందా లేదా అన్నంత శుభ్రంగా ఉంది. సగం పనులు సోమరిపోతులు చేసేవి. సగం గిన్నె తోమి సగం వదిలేస్తామా, సగం తల దువ్వుకుని వీధిలోకి వెళ్తామా? శుక్రవారం పూట దీపపు సెమ్మె మొదలు తలుపు గొళ్ళెం దాకా తళతళలాడే ఇంట్లో ఈ ఒక్క తొట్టి మాత్రం నాలుగేళ్ళుగా పాచిపట్టి పచ్చగా కూర్చుంటే, పక్కింటి రక్కమ్మాళ్ వచ్చినప్పుడల్లా మూతి తిప్పి, "ఏమి సెల్లాయీ, తొట్టిలో ఆకుకూర విత్తుండావా?" అని అడుగుతుంటే, కడుపు మండదా మరి. రేపు రానీ ఆ రక్కమ్మాళ్‌ను, కళ్ళు తిరిగి పడిపోవాలి.

నాలుగేళ్ళలో మగడు కరుప్పుసామి ఆ తొట్టి మీద ఆమెను చెయ్యి వెయ్యనిచ్చిన పాపాన పోలేదు. ఆదివారం ఆదివారం తానే గొంతుక్కూర్చుని, చెంబుతో తోడి, చెంబుతో పోసి, పసిబిడ్డకు నీళ్ళు పోసేంత సేపు చేసేవాడు. పోయిన వారం మిల్లులో దూది ఏకే కార్డింగు మిషను అతని కుడిచేతి రెండు వేళ్ళను కొరికింది. కొరికి వదిలేసింది, కాళియమ్మ దయ, ఎముకకు తగల్లేదు. డాక్టరు కట్టు కట్టి పది రోజులు తడి తగలరాదన్నాడు, మిల్లువాళ్ళు స్టోర్సులో కూర్చోబెట్టి లైటు డ్యూటీ ఇచ్చారు. పోయిన ఆదివారం నీళ్ళు మారలేదు. ఐదురోజులు తొట్టిలోకి చూసి చూసి, ఈ పొద్దున చెప్పులు తొడుక్కుంటూ, ఆస్తి రాసిచ్చేవాడి మొహం పెట్టి అన్నాడు:

"ఏ పిల్లా, ఈ వారము నువ్వే మార్చు. సగమే తియ్యల్ల. సగం అట్లే ఉండనీ. అండాలో నిన్ననే పట్టి పెట్టుండాను, ఆ నీళ్ళే పొయ్యి. తెలిసెనా?"

"అదేమి పెద్ద బ్రహ్మవిద్యనా? పో మామా, మిల్లు సంగు కూసేస్తుంది."

పైకి అలా అన్నది గానీ లోపల మురిసిపోయింది సెల్లాయి. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. ఇంటి తాళం ఇచ్చాడు, బీరువా తాళం ఇచ్చాడు, ఈ తొట్టి ఒక్కటే ఇవ్వనిది, ఇవాళ అదీ ఇచ్చేశాడు. ఇచ్చినవాడికి సగం పని చేసి చూపిస్తే ఏం బాగుంటుంది? అండాలో ఉన్నవి నిన్నటి నీళ్ళు. నిన్నటి నీళ్ళు కడగడానికి, ఇవాళటి నీళ్ళు తాగడానికి, ఇది ఒకరు నేర్పేదా, ఆడపుట్టుక పుట్టిన ప్రతిదానికీ తెలుసు. అందుకే అండా నీళ్ళతో తొట్టి కడిగేసింది. తెల్లారి వీధి కుళాయి దగ్గర మోచేతులతో పొడుచుకుని పట్టుకొచ్చిన శిరువాణి ఏటి నీళ్ళు, ఇంట్లో తాగడానికని మూతపెట్టి దాచిన నాలుగు బిందెలు, కొబ్బరినీళ్ళ లాంటి నీళ్ళు, ఆ నాలుగూ చేపలకు పోసేసింది. ఇంటికి చుట్టం వస్తే లైను ఇళ్ళ వెనక బావిలోని ఉప్పునీళ్ళు ఇస్తామా? రేపటిదాకా తనూ మగడూ ఉప్పునీళ్ళే తాగితే ఏం పోయింది. కొత్త నీరు వచ్చి పాత నీటిని తోసేస్తుందని పెద్దలు ఊరికే అన్నారా.

ఎండ వాలి కిటికీలోంచి తొట్టి మీద పడుతోంది. మిల్లులో మధ్యాహ్నపు సంగు మూడున్నరకు కూస్తుంది, ఇంకా గంట ఉంది. సంగు కూసిన పావుగంటకు చొక్కాకు దూది అంటించుకుని అతను గుమ్మంలోకి వస్తాడు, వచ్చీ రాగానే కాఫీ కూడా అడక్కుండా నేరుగా తొట్టి దగ్గరికే పోతాడు. పోయి చూసి ఏమంటాడు? ఏమీ అనడు, అనే రకం కాదు. చెవి వెనక గోక్కుంటాడు, అదే మెచ్చుకోలు. ఆ గోక్కోవడం ఊహించుకుని సెల్లాయి తనలో తాను నవ్వుకుంది. అతను ఈ చేపల్ని మొదటిసారి తెచ్చిన రోజు ఎంత గొడవ చేసింది తను! మిల్లు లోపల గాలి ఎండిపోతే నూలు తెగుతుందట, అందుకని నీళ్ళు చిమ్మి గాలిని తడిపే మిషను ఒకటుంటుంది, దాని వెనక పెద్ద తొట్టి. దోమలు పుట్టకుండా ఏ కాలంలోనో ఎవరో అందులో చేపల్ని వదిలారు. అవి పిల్లలూ పిల్లల పిల్లలూ పెట్టాయి. ఏడాదికోసారి ఆ తొట్టి కడిగేటప్పుడు ఎవరికి కావలసినవి వాళ్ళు పట్టుకుపోతారు. ఈ మనిషి మధ్యాహ్నం అన్నం తిన్న తూక్కుచట్టిలో మూడింటిని వేసుకుని వచ్చాడు. చట్టి తోమబోయి మూత తీస్తే మూడు ఎర్రటివి ఎగిరాయి. తను వేసిన కేకకు లైనంతా వచ్చి వాకిట్లో నిలబడింది. చేప అంటే చట్టిలో ఉడకాలి గానీ గాజులో ఈదడమేమిటని నాలుగు రోజులు సాధించింది. మిల్లు వర్కుషాపులో ఎవరినో పట్టుకుని ఇనుప చట్రం చేయించి అద్దాలు బిగించుకొచ్చిన మనిషి ఒక్క మాటకూ బదులివ్వలేదు.

ఆ ఏడే వళ్లికి పెళ్ళయింది. మేట్టుపాళయం ఎంత దూరం, పొద్దున రైలెక్కితే కూతురింట్లో ఇడ్లీ తిని మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు, వక్కల మండీలో అల్లుడు, బంగారం లాంటి పిల్లాడు, ఏ దిగులూ లేదు. అయినా ఇల్లు చప్పబడింది. మగడేమో మిల్లు మోత చెవుల్లో నింపుకుని వచ్చి, అది దిగేదాకా ఉలకడు పలకడు. అది దిగే వేళకు నిద్ర వస్తుంది. రక్కమ్మాళ్‌తో చెబుదామంటే దాని నోట్లో నువ్వుగింజ నానదు. అట్లా ఒక సాయంత్రం బియ్యం ఏరుతూ ఏరుతూ తొట్టిలోకి చూసి, "ఏమిరా, తింటివా?" అంది సెల్లాయి. మూతి మీద తెల్లమచ్చ ఉన్న పెద్దది అద్దం దగ్గరికి వచ్చి నోరు తెరిచి మూసింది. అంతే, మాట కలిసింది. మిగతా రెండింటినీ తోక పట్టుకుని తరిమేది కాబట్టి కరుప్పుసామి దానికి మేస్త్రి అని పేరు పెట్టాడు. సెల్లాయి కూడా మేస్త్రీ అనే పిలుస్తుంది. అన్నీ చెబుతుంది దానికి. ఆడపడుచు మీద కోపం చెప్పింది, మోకాలి నొప్పి చెప్పింది, ఒకరికి చెప్పరానివి, ఇరవై రెండేళ్ళుగా పొట్టలో దాచుకున్నవి కూడా చెప్పింది. చెప్పి, పిడికెడు బొరుగుల పొడి వేసి, నోరు మూసుకోరా అంటే అది నోరు మూసుకుని మళ్ళీ తెరుస్తుంది.

"ఏమి మేస్త్రీ, కొత్త ఇల్లు ఎట్ల ఉండాది?" అంటూ వంగింది సెల్లాయి.

మేస్త్రి రాలేదు. అద్దం దగ్గరికి రాకపోగా తొట్టి మూలన తల కిందికీ తోక పైకీ పెట్టి నిలబడ్డాడు. కొత్త కదా, సిగ్గేమో అనుకుంది. మిగతా రెండూ నీటి మీదికి వచ్చి గబగబా నోళ్ళు తెరుస్తున్నాయి. ఆకలేమో అనుకుని బొరుగుల పొడి చల్లింది. పొడి తేలుతూ ఉండిపోయింది, ఒక్కటీ ముట్టలేదు. మేస్త్రి మెల్లగా పక్కకు ఒరిగాడు, సర్దుకున్నాడు, మళ్ళీ ఒరిగాడు, ఈసారి పొట్ట తెల్లగా కనిపించింది.

సగమే తియ్యమన్నాడు. చెవిటిదానా, సగమే తియ్యమన్నాడు కదే! చెప్పిన మాట చెవిన పెట్టకుండా నీ శుభ్రం పాడుగాను. ఇప్పుడు ఏం చెబుతావు? రక్కమ్మాళ్ పిల్లి తినేసిందని చెబితే? మూడింటినీ తిని, తొట్టి తోమి, నీళ్ళు పట్టి పెట్టి మరీ పోయిందా పిల్లి? కోపమొస్తే అరిచే మగడైతే తానూ నాలుగు అరిచి సరిపెట్టుకోవచ్చు. కరుప్పుసామి అరవడు. ఒకసారి అతని పాత తోలు బెల్టు పాతసామాన్లవాడికి వేసి అల్యూమినియం కూజా తీసుకున్నందుకు పదకొండు రోజులు మాట్లాడలేదు, ఆ కూజాలో నీళ్ళు కూడా తాగలేదు. బెల్టుకే పదకొండు రోజులైతే మేస్త్రికి ఎన్ని? నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి చేతికి ఇచ్చాడు, ఇచ్చిన పూటే చంపి పెట్టావా? ఇంకెప్పుడైనా ఏదైనా ఇస్తాడా నీకు? అంతా సరే, అతని సంగతి అటుంచు, మేస్త్రి పోతే నీకు మాత్రం ఎవరున్నారే? ఆ మాట అనుకోగానే సెల్లాయికి ఏడుపొచ్చింది, చేప కోసం ఏడవడమేమిటని తిట్టుకుంది, తిట్టుకుంటూనే ఏడ్చింది.

మంచి నీళ్ళే కదా పోశాను, ఊళ్ళోకల్లా మంచి నీళ్ళు. మంచి నీళ్ళు తాగి చచ్చేవాళ్ళు ఉంటారా? ఉంటారు, ఎందుకుండరు, తను చావబోలేదా. పెరియకుళంలో మామిడితోపు పక్క బావి నీళ్ళు తాగి పెరిగిన పిల్ల, పెళ్ళయి ఈ కోయంబత్తూరు వచ్చిన మూడో రోజు నుంచి కడుపులో ఏదీ నిలవలేదు. అన్నం తింటే వాంతి, గంజి తాగితే వాంతి. లైనులో ఆడవాళ్ళంతా వచ్చి అప్పుడేనా అని ఒకరినొకరు పొడుచుకుని నవ్వారు. అత్త అంగమ్మాళ్ ఒక్కతే నవ్వలేదు. నుదురు పట్టి చూసి, నాలుక చాపించి చూసి, "వాళ్ళ మాట వినవద్దు. నీకు నీళ్ళు పడలే, అంతే. శిరువాణి అయితే ఏమి, గంగ అయితే ఏమి, పుట్టిన నీళ్ళను ఒక్కసారిగా విడిపిస్తే ఒళ్ళు ఒప్పుకుంటాదా?" అంది. అప్పుడు మామిడి కాలం. పెరియకుళం నుంచి పండ్ల లారీలు రోజూ వస్తున్నాయి. ఏ డ్రైవరును పట్టుకుందో, ఏమని బతిమాలిందో, వారం తిరిగేసరికి బుట్టల మధ్యలో ఒక తగరపు డబ్బా, మూతికి మైనం పెట్టి, లోపల పుట్టింటి బావి నీళ్ళు! ఆ వాసనకే ప్రాణం లేచి వచ్చింది. తాగబోతే అత్త చెయ్యి పట్టుకుంది. మొదటి రోజు ముప్పావు వంతు ఆ నీళ్ళు, పావు వంతు ఈ నీళ్ళు. రెండు రోజులాగి సగం సగం. తరవాత తలకిందులు. డబ్బా ఖాళీ అయ్యేసరికి సెల్లాయి కోయంబత్తూరు మనిషి అయిపోయింది. మహాతల్లి, చదువు లేదు, సంతకం రాదు, వేలిముద్ర వేసేది, కానీ ఒంటికేం కావాలో తెలుసు.

పాత నీళ్ళు! పాత నీళ్ళు ఎక్కడ? సెల్లాయి పెరట్లోకి పరుగెత్తింది. నీళ్ళను ఒక్కసారి వాడి పారబోసే ఆడది ఆ లైనులోనే లేదు. బియ్యం కడిగిన నీళ్ళు గేదెకు, గిన్నెలు కడిగిన నీళ్ళు అరటికి, బట్టలు జాడించిన నీళ్ళు వాకిలి చల్లడానికి. తొట్టి నీళ్ళూ, చేపల్ని పెట్టిన చెంబు నీళ్ళూ అరటికి పోయగా మిగిలినవి బకెట్లో పోసి, సబ్బు పెట్టకముందు దూది వదలడానికని మగడి మిల్లు చొక్కాలు రెండు అందులో నానేసింది. అవి అలాగే ఉన్నాయి! ఇంకో పావుగంటలో సబ్బు రాసేదే. ఈ వారం స్టోర్సు పని కాబట్టి చొక్కాలకు నూనె మరకలు కూడా లేవు, దూది తప్ప. వేళ్ళు కొరికిన ఆ మిషనుకు మనసులోనే దండం పెట్టింది, పెట్టి లెంపలేసుకుంది. చొక్కాలు ఎత్తి పిండి, పిండిన నీళ్ళు కూడా పోనివ్వకుండా, బకెట్టు లోపలికి ఈడ్చుకొచ్చి, పాత చీర చింపి రెండు మడతలు వేసి, ఇంకో బకెట్టులోకి వడకట్టింది. దూది దూదిగా తెట్టు గుడ్డ మీద నిలిచింది. టీ జాలితో ముందు మేస్త్రిని ఎత్తింది. చేతికి బరువే తెలియలేదు. కొట్టుకోవడం కూడా లేదు. పచ్చటి ఆ పాత నీళ్ళలోకి వదిలి, మిగతా రెండింటినీ వదిలి, బకెట్టు పక్కన చతికిలబడింది.

ఎంత సేపు కూర్చుందో. గోడకవతల ఎవరో మసాలా నూరుతున్నారు. వీధిలో సైకిలు బెల్లు. వళ్లికి టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇలాగే కూర్చుంది, ఆ రాత్రంతా కరుప్పుసామి గుమ్మం దగ్గర నిలబడే ఉన్నాడు, ఒక్క మాటా ఆడలేదు, తెల్లవారి జ్వరం దిగితే చెవి వెనక గోక్కున్నాడు. మాటలు ఎక్కడ దాచుకుంటాడో ఆ మనిషి. చిన్నవి రెండూ ముందు తేరుకున్నాయి, బకెట్టు అంచు వెంబడి ఒక చుట్టు చుట్టాయి. మేస్త్రి ఇంకా ఒరిగే ఉన్నాడు. ఒరే, లేవరా, నీకు దండం పెడతాను. ఇక మీదట నీ పాచి జోలికి రాను. రక్కమ్మాళ్ ఆకుకూర అననీ, చెరువు అననీ. నీళ్ళలో వేలు పెట్టి పొట్టకింద ఆనించింది. వేలి మీద చిన్న కదలిక. తోక ఒకసారి ఇటు, ఒకసారి అటు. వేలి మీదనుంచి జారి, నిటారుగా నిలబడి, దగ్గరలో ఉన్న చిన్నదాని తోక పట్టుకుని తరిమాడు మేస్త్రి. సెల్లాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కన్నీళ్ళు తుడుచుకోకుండానే పకపకా నవ్వింది.

తొట్టి నీళ్ళు గ్లాసుడు తీసుకుని బకెట్లో పోసింది. ఆగింది. ఇంకో గ్లాసు. తొందరేమీ లేదు, అత్త పది రోజులు తీసుకుంది. ఐదో గ్లాసు పోస్తుండగా మిల్లు సంగు కూసింది. పావుగంట ఉంది, అంతా సర్దేసి ఏమీ ఎరగనట్టు కూర్చోవచ్చు. లేవబోయింది, మళ్ళీ కూర్చుంది. తను తొట్టి సర్దేస్తే సరా, మేస్త్రి కొత్త నీళ్ళకు సర్దుకోవద్దా?

గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు. కరుప్పుసామి నేరుగా తొట్టి దగ్గరికే పోయాడు. తళతళలాడే అద్దాలు, నిండా తేటనీళ్ళు, మీద బొరుగుల పొడి, చేప ఒక్కటీ లేదు. తొట్టిని చూశాడు, నేల మీద బకెట్టును చూశాడు, పిండి పడేసిన తన చొక్కాలను చూశాడు. వచ్చి, కట్టు ఉన్న చెయ్యి పైకి పట్టుకుని, ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అంతా తీసేస్తిని మామా," అంది సెల్లాయి. తల ఎత్తలేదు. "బూడిద పెట్టి తోమితిని. అండా నీళ్ళతో కడిగేసి కుళాయి నీళ్ళు పోస్తిని. మేస్త్రి చచ్చే దాకా పొయ్యి వచ్చినాడు. నేను చేసింది తప్పే. మాట్లాడకుండా మాత్రం ఉండవద్దు, తిట్టాలంటే ఇప్పుడే తిట్టెయ్యి."

అతను బకెట్లోకి చూస్తూ ఉండిపోయాడు. ఒకటి, రెండు, మూడు, ఆమె లోపల రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"బతికేస్తాయిలే," అన్నాడు చివరికి. "మొదటి మేస్త్రే బతకలే."

"మొదటి మేస్త్రినా?"

"నేను గూడా ఇట్లే తోమితిని. తెచ్చిన రెండో నెల. నువ్వు వళ్లిని చూసేదానికి మేట్టుపాళయం పొయ్యుంటివి. నువ్వొచ్చి చూస్తే సంతోషపడుతావని తళతళా తోమి, కుళాయి నీళ్ళే పోస్తిని. సాయంత్రానికి మూడూ తేలిపొయ్యె. మర్నాడు మిల్లు తొట్టిలో ఇంకో మూడు పట్టుకొస్తిని. ఆడ సగానికి సగం తెల్లమూతివే. మేస్త్రి చిక్కిపొయ్యెనని నువ్వే అంటివి, ఆ రోజు." గొంతు సవరించుకున్నాడు. "తరువాత ఎండాకాలంలో ఇంకోసారి పొయ్యె. ఇది మూడోది."

సెల్లాయి నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. "నాలుగేండ్లు! నాతో ఒక్క మాట చెప్పలే?"

"ఎట్ల చెప్పేది?" కరుప్పుసామి ఎడమచేతి వేలు నీళ్ళలో పెట్టాడు, మేస్త్రి వచ్చి ముట్టి పోయాడు. "వళ్లి పొయినాక ఈ ఇంట్లో నువ్వు నవ్వే సత్తం నేను విన్నది దీని పక్కనే. నాకు మాట్లాడను రాదు. ఇదీ లేకపోతే నువ్వు ఎవరితో మాట్లాడుతావు?"

ఇరవై రెండేళ్ళలో అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది లేదు. సెల్లాయి కాఫీ పెట్టనా అని అడగబోయి మానుకుంది. గ్లాసుడు నీళ్ళు బకెట్లో పోసి, ఆగి, ఉన్నట్టుండి అనేసింది.

"మామా, పెండ్లి చూపులకు వచ్చిన నాడు తలుపు సందులోనుంచి నేను చూసింది నిన్ను గాదు. నీ పక్కన కూచునుండిన పొడుగాయనను. ఆయనే పెండ్లికొడుకు అనుకునే మా నాయనతో సరి అంటిని."

కరుప్పుసామి ఆమె వంక చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా అతని బుగ్గ ఒకటి కదిలింది.

"ఎవరు, మా అయ్యప్పన్ మామనా? అప్పటికే ముగ్గురు బిడ్డలు గదే ఆయనకు!"

అని నవ్వాడు. మొదట ముక్కుతో, తరవాత గొంతుతో, తరవాత కట్టు ఉన్న చెయ్యి ఊపుకుంటూ, కూర్చున్నవాడు వెనక్కి పడిపోయేట్టు నవ్వాడు. అవతల మసాలా నూరుడు ఆగింది. "ఏమి సెల్లాయీ, ఏమాయె?" అని గోడమీదుగా రక్కమ్మాళ్ కేక వేసింది. ఏమీ లేదక్కా అని ఇక్కడినుంచే అరిచి సెల్లాయి లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

కరుప్పుసామి కళ్ళు తుడుచుకుని, గోడకు జారబడి, కాళ్ళు చాపుకున్నాడు. పక్కన నేల మీద చేత్తో తట్టి చూపించాడు.

"ఇట్ల కూచో. ఇంకా ఏమేమి చెప్పుంటివి దానికి? మొదటినుంచి చెప్పు."